రెండు వేళ్లకు లొంగిన క్లచ్

మామ పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బీచ్‌లో ఒక కొత్త జంటకు ఇసుకలో తిరిగే ఏటీవీ బండి నడపడం నేర్పిస్తున్నాను. "పొద్దుగాల చాయ్ తాగుకుంటనే పోయిండు బిడ్డా. గ్లాసు గుడ కింద పడనియ్యలే," అంది. గ్లాసు మాటకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

మాకు రక్తసంబంధం లేదు. పాలమూరు నుంచి వచ్చిన రెండు కుటుంబాలు కామాఠిపురాలో వరుస గదుల చాల్‌లో ఒకే గోడకు అటూ ఇటూ కాపురం పెట్టాయి. అమ్మ ఆయనకు రాఖీ కట్టింది, ఆయన నాకు మామ అయ్యాడు. ఫోరస్ రోడ్‌లో ఆయనది మెకానిక్ దుకాణం. ఏ బండి వచ్చినా ఒక చేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని, రెండో చేతి రెండు వేళ్లతో క్లచ్ నొక్కి చూసేవాడు. "రెండు వేళ్లకు రాకుంటే అది క్లచ్ కాదు, కసరత్," అనేవాడు.

మూడేళ్ల కిందటి సంగతి. వానాకాలం బీచ్ మూసేస్తారు కాబట్టి, నేను నడిపే రేసు ఏటీవీని మా చాల్ వసారాలో తాడ్‌పత్రి కప్పి ఉంచాం. నాలుగు చక్రాల ఆ బండిని చూసి గల్లీలో సగం మంది ట్రాక్టర్ అనుకున్నారు. వానలు వెలిసేసరికి దాని క్లచ్ బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగినా రాలేదు. బీచ్‌లో బండ్లు తిప్పించే మా సేఠ్ వచ్చి చూసి, "సోమవారానికి ఇది నీ చేతికి రాకపోతే టికెట్ల కిటికీ దగ్గర కూర్చో," అన్నాడు. అక్కడ బండి నేర్పే ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ కిటికీ తలుచుకుంటే అన్నం దిగలేదు.

మామ లుంగీ ఎగ్గట్టి దిగాడు. లీవర్ కీలుకు గ్రీజు పెట్టాడు. తేడా లేదు. లోపలి స్ప్రింగులు మెత్తటివి వెయ్యమని చాల్ అంతా సలహా ఇచ్చింది. "చెయ్యికి సుఖమైతది, క్లచ్ జారుతది. రోగం తెల్వకుండ మందేస్తరా?" అని కసిరాడు. కేబుల్‌ను ఇంజన్ దగ్గర ఊడదీసి మళ్లీ లీవర్ నొక్కాడు. అప్పుడూ అదే బిగువు. "ఇంజన్ మంచిగనే ఉన్నది. రోగం కేబుల్‌ల ఉన్నది," అని తేల్చాడు. కొత్త కేబుల్ వేశాడు. అదీ బిగువే!

మూడో రోజు చాయ్ చల్లారిపోయేదాకా హ్యాండిల్ వైపే చూస్తూ కూర్చున్నాడు. నా క్షేమం కోరుతూ అమ్మ ఆ వానాకాలమంతా ప్రతి మంగళవారం ఒక పసుపు గుడ్డ ముడుపు ఎల్లమ్మ పేరున ఆ హ్యాండిల్‌కు కట్టింది. కేబుల్‌ను కూడా కలిపి, ముడి మీద ముడి. బండంతా విప్పిన మామ వాటిని మాత్రం ముట్టలేదు. కొత్త కేబుల్‌ను కూడా దండం పెట్టుకుని వాటి కిందినుంచే దూర్చాడు.

"మీ అమ్మ యాడున్నది?" అన్నాడు మెల్లగా.

"నీళ్ల లైన్‌ల."

లెంపలు వేసుకుని ముడులు విప్పాడు. మెలిక పడిన కేబుల్ సాఫీగా సాగింది. రెండు వేళ్లు పెట్టాడు. క్లచ్ వచ్చేసింది.

బిందెతో వచ్చిన అమ్మ ముడుపులు చూసి కొయ్యబారిపోయింది. మామ తడుముకోలేదు. "అక్కా, ఎల్లమ్మ తల్లికి ఈడ గాలాడుత లేదు. ముందల బంపర్ మీద కూసోబెడదం," అన్నాడు.

"నీకెట్ల తెల్సు?"

"రెండు వేళ్లకు తెలుస్తది."

తర్వాత నాతో, "తప్పు దొర్కినంక మనిషిని పట్టుకోవద్దు బిడ్డా," అన్నాడు. అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. సోమవారం బండి మీదే కూర్చున్నాను, ఇప్పటికీ కూర్చుంటున్నాను. అది ఆయన పెట్టిన అన్నమే.

మామ దినాలయ్యాక అమ్మ మొదటిసారి బీచ్‌కు వచ్చింది. బంపర్‌కు కొత్త ముడుపు కడుతూ, తలెత్తకుండానే అంది: "నా ముడులతోనే అది బిగిసిందని ఆ నాడే తెల్సు. మొగోడు అంత మర్యాదగ అబద్ధమాడితే మనం నమ్మాలె గద."

అమ్మ లేచి హ్యాండిల్ దగ్గరికి వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, రెండు వేళ్లతో క్లచ్ నొక్కి చూసింది. బంపర్ మీద ముడుపు గాలికి ఊగుతోంది. ఈసారి ముడి చాలా వదులుగా వేసింది.