యసవతి తాకని కూజా

విహారం మెట్ల దగ్గర నేను అమ్మే తామరలను అందరూ రేకులు మడిపించుకుని తీసుకుంటారు. యసవతక్క మాత్రం మడవనిచ్చేది కాదు.

"మొగ్గగానే ఇయ్యి తమ్ముడూ. విచ్చుకోవాలనుంటే అదే విచ్చుకుంటుంది. బలవంతం దేనికి?" అనేది.

ఆమె కొబ్బరిపీచు తాళ్ళు పేనేది. ఉప్పునీటి కయ్య బురదలో నెలల తరబడి నానబెట్టిన కొబ్బరి డొక్కలను తీసి, చెక్క గూటంతో బాది, పీచు విడదీసి, తాడు పేనడం ఆమె పని. ఆ బురద వాసన సబ్బుకు లొంగదు. పెళ్ళయిన కొత్తలో ఆమె సిగ్గుపడితే భర్త ఆర్యసేన నవ్వాడట. "మంచిదేగా! పడవ దారి తప్పినా నీ వాసన పట్టుకుని ఒడ్డుకొచ్చేస్తా" అన్నాడట. ఈ మాట ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ మోచేయి ఎత్తి ఒకసారి వాసన చూసుకునేది.

ఒక వానకారులో ఆర్యసేన పడవ తిరిగి రాలేదు. ఒక పలక గానీ, వల ముక్క గానీ కొట్టుకురాలేదు. అతనితో వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో తెల్లజెండాలు కట్టారు, భిక్షువులను పిలిచి దానం పెట్టారు. యసవతక్క మాత్రం రోజూ రాత్రి అతని కంచంలో అన్నం పెట్టి, మూత వేసి ఉంచేది. పొద్దున దాన్నే ఆమె తినేది.

ఆమె అత్త పొడినోన నోరు మంచిది కాదు.

"చచ్చినవాడికి చెయ్యాల్సింది చెయ్యవే! నా కొడుకు దిక్కులేని ప్రేతమై తిరుగుతాడు."

"చచ్చాడని ఎవరు చెప్పారత్తా? సముద్రం మనింటికొచ్చి చెప్పిందా?"

"సముద్రం నీలాగా వాగదులే."

"మీలాగా కూడా వాగదు."

ఇద్దరూ ఇలా తిట్టుకుంటూనే ఒకే గొడుగు కింద పున్నమినాటి పోయ పూజకు వచ్చేవాళ్ళు. పూజ అయ్యాక పోయిన బంధువులందరికీ పుణ్యం అందాలని నీళ్ళు పోస్తాం. పళ్ళెంలో చిన్న కప్పు పెట్టి, అది నిండి పొర్లేదాకా కూజాతో సన్నటి ధార పోయాలి. ఒకరు పోస్తుంటే మిగతావాళ్ళు కూజా మీద చెయ్యి వేస్తారు, అందనివాళ్ళు ముందున్నవాళ్ళ భుజం పట్టుకుంటారు. అలా ఊరంతా ఒకే చెయ్యి అయిపోతుంది. ఆ సమయంలో యసవతక్క ఒక్కతే చెయ్యి వెనక్కి తీసుకుని స్తంభం పక్కన నిలబడేది. అందరికీ తెలుసు. ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఇలా ఏళ్ళు గడిచాక విహారం లోపలి నడవకు మళ్ళీ రంగులు వేయించారు. ఉప్పుగాలికి సున్నం రాలిపోయి గోడబొమ్మల్లో దేవతల కాళ్ళు, ఏనుగుల తొండాలు ఊడిపోయాయి. ఎలారిస్ అనే బొమ్మలు గీసే పెద్దాయన ఎక్కడినుంచో వచ్చి గుడ్డ తెర కట్టుకుని లోపల పని చేశాడు. తెర తీసిన రోజు కళ్ళు జిగేలుమన్నాయి. పసుపు గోడలు, నెమలినీలం కప్పు, మిరపపండు ఎరుపులో అంచులు. పైవరసలో బోధిసత్వుడి పూర్వజన్మలు. అట్టడుగు వరసలో నరకాలు, వాటి పక్కన ప్రేతాలు. కుండల్లాంటి పొట్టలు, పుల్లల్లాంటి మెడలు, సూదిబెజ్జమంత నోళ్ళు.

ఆ వరస చివరి ప్రేతం ముందు పొడినోన ఆగిపోయింది. వంగి, దాని ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టింది. అక్కడ అడ్డంగా ఒక గాటు ఉంది. చిన్నప్పుడు గాలం గుచ్చుకుని ఆర్యసేనకు పడిన గాటు అది.

"వీడు నా కొడుకు" అంది. ఎప్పుడూ కేకలు వేసే మనిషి అప్పుడు గొణిగింది. దానికే మాకు భయం వేసింది.

ఎలారిస్ కంగారుపడ్డాడు. "నేను ఎవరి ముఖమూ చూసి గీయలేదమ్మా. మా నాన్న నేర్పిన ప్రేతం ముఖం ఒకటే, అన్నిటికీ అదే పెడతాను. ఆ గాటు నేను పెట్టలేదు. సున్నం పగిలింది. పూడ్చాను. మళ్ళీ అక్కడే పగిలింది."

అందరం యసవతక్క వైపు చూశాం. ఆమె బొమ్మను పైనుంచి కిందిదాకా చూసి, "మా ఆయన ముక్కు ఇంతకన్నా బాగుంటుంది" అంది. కొందరు నవ్వారు. ఆమె మాత్రం చెప్పులు మరిచిపోయి ఉత్తకాళ్ళతో వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆ ప్రేతం నోటి దగ్గర గోడ తడిగా ఉండేది. నడవంతా ఎండిపోయి ఉన్నా అక్కడొక్కచోటే చెమ్మ. ఎలారిస్ గుడ్డతో తుడిచి, వేలు నాలుకకు తాకించి చూశాడు. ఉప్పు. విహారం పెద్ద భిక్షువు, మేమంతా పెద్ద హాముదురు అని పిలిచే ఆయన, అది సముద్రపు గాలి అన్నారు. ఆ గాలి పక్క ప్రేతాన్ని ఎందుకు ముట్టలేదో చెప్పలేదు. ఎలారిస్ కుంచెలు సర్దుకుని, మిగిలిన పని మళ్ళీ వచ్చి చేస్తానని ఊరు దాటాడు.

ఒక మధ్యాహ్నం వాడిన పూలు తీయడానికి లోపలికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది గానీ నడవలో చన్నీళ్ళ గుంటలోకి దిగినట్టు ఉంది. పీచుబురద వాసన కొట్టింది. యసవతక్క ఆ బొమ్మ ఎదురుగా మోకాళ్ళు మడుచుకుని కూర్చుని ఉంది.

"తమ్ముడూ, నేనేం చేశానో తెలుసా? అందరూ కూజా పట్టుకుని 'మా వాళ్ళందరికీ' అనుకుంటారు కదా. నేను చెయ్యి తీసేసి 'మా ఆయనకి కాదు, ఆయన బతికే ఉన్నాడు' అనుకునేదాన్ని. ప్రతి పోయకీ అదే. గట్టిగా, పళ్ళు బిగించి."

నేను వాడిన పూల బుట్ట కింద పెట్టాను.

"ఊళ్ళో చచ్చినవాళ్ళంతా తాగారు. మా అత్త తిట్టి చంపిన ముసలి మామ కూడా తాగాడు. ఈయన్ని ఒక్కణ్ణే నేను గడప దగ్గర ఆపేశాను. కట్టుకున్నదాన్నే కాదంటే ఇంకెవరు పోస్తారు?"

నోటి దగ్గరి చెమ్మను కొంగుతో అద్దింది. మళ్ళీ ఊరింది.

ఆ సాయంత్రమే పెద్ద హాముదురు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు ఆమె మరిచిపోయిన చెప్పులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. అవి పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.

"ఒకవేళ బతికే ఉంటే, హాముదురువనే? నీళ్ళు పోస్తే నేనే చంపినట్టు కదా?"

"బతికున్నవాడికి మనం పుణ్యం పంచితే అతనికేం నష్టం, ఉపాసికమ్మా?"

"ఆయనకి కాదు. నాకు" అంది యసవతక్క. "రేపటి నుంచి నేను ఎవరికోసం కంచం పెట్టాలి?"

ఆయన విసనకర్ర పక్కన పెట్టారు. "నువ్వు పెట్టిన కంచం ఇన్నాళ్ళూ ఎవరు తిన్నారు?" అని మాత్రం అడిగారు.

ఆమె ఇంటికి వెళ్ళి అత్తను భిక్షువులను పిలవమంది.

దానం రోజున ఇంటి కప్పు కింద తెల్లగుడ్డ కట్టాం. గుమ్మంలో భిక్షువుల కాళ్ళు కడిగాం. ఎర్రబియ్యం అన్నం, లేత పనసకాయ కూర, గోరక పులుపు దట్టించిన చేప, కొబ్బరి సంబోలు పచ్చడి. అన్నీ ఆర్యసేనకు ఇష్టమైనవే. సంబోలులో కారం ఎక్కువైందని పొడినోన, మీ కొడుక్కి అలాగే కావాలని యసవతక్క చివరిదాకా పోట్లాడుకున్నారు. భోజనాలయ్యాక కూజా, పళ్ళెం, కప్పు తెచ్చి చాప మీద పెట్టారు. యసవతక్క కూజా ఎత్తింది. పొడినోన ఆమె చేతి మీద చెయ్యి వేసింది. నేను పొడినోన భుజం పట్టుకున్నాను. నా వెనక ఊరు.

"మా ఆర్యసేనకి" అంది యసవతక్క. నీళ్ళు పోస్తూ ఆ పేరు ఆమె అనడం అదే మొదటిసారి.

ధార మొదలైంది. భిక్షువుల గాథ మొదలైంది. గుక్కెడు నీళ్ళు పట్టే కప్పు అది. పోస్తోంది, పోస్తోంది. నీటిమట్టం అంచుకు కాస్త కిందిదాకా వచ్చి అక్కడే ఆగింది. గాథ అయిపోయింది. పెద్ద హాముదురు కళ్ళు తెరిచి కప్పును చూసి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. మిగతా భిక్షువుల గొంతులు ఒక్క క్షణం తడబడి ఆయనను కలుసుకున్నాయి. పళ్ళెం పొడిగా ఉంది. నేను కాలివేలితో చాప తడిమి చూశాను. అదీ పొడిగానే ఉంది.

కూజా ఖాళీ అయింది.

యసవతక్క తల తిప్పకుండా, అన్నం మారు అడిగినవాడికి వడ్డించే ఇల్లాలి గొంతుతో, "ఇంకో కూజా తెండి" అంది.

తెచ్చారు. మళ్ళీ ధార. ఆమె చెయ్యి తొందరపడింది. నీళ్ళు బుడబుడమన్నాయి. పొడినోన ఆ మణికట్టు పట్టుకుని, అందరికీ వినిపించేలా కసిరింది.

"మెల్లగా పొయ్యవే! వాడికి పొలమారుతుంది."

యసవతక్క ధార సన్నగా చేసింది. అప్పుడు కప్పు అంచు మీద నీళ్ళు ఉబ్బి, కాస్త వణికి, పళ్ళెంలోకి పొర్లాయి.

"చాలా?" అని అడిగింది. భిక్షువులను కాదు, మమ్మల్నీ కాదు. కాసేపు వినడానికన్నట్టు తల వంచి ఉంచింది. తర్వాత కూజా కింద పెట్టి లేచి, వంటింట్లో మూత వేసి ఉన్న కంచం తెచ్చి, వాకిట్లో కాకులకు వేసింది.