దయామణి చదివే కొంగ కథ

చుట్టూ అందరూ కొత్త సెల్‌ఫోన్లు నొక్కుకుంటుంటే, తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కిన దయామణి చెప్పులు విడిచి, కాళ్లు సీటు మీదకు ముడుచుకుని, పిల్లల పాత నవల తీసేది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. గాయపడ్డ వెండి కొంగను ఎత్తుకుని ఒక పిల్ల మేఘాల రాజ్యానికి వెళ్లే కథ అది. చిన్నప్పుడు అందులో ఆమెకు ఎగిరే కొంగే కనిపించింది. భర్త పోయాక చదివితే, కొంగను అక్కడే వదిలి ఒంటరిగా తిరిగొచ్చే పిల్ల కనిపించింది. ఆ మాట ఏలూరులో తనతో పనిచేసే ప్రసన్నలక్ష్మికొక్కదానికే చెప్పుకుంది. రోజూ రైల్లో ఆమెకు కాస్త చదివి వినిపించేది. పిల్ల కొంగకు వీడ్కోలు చెప్పిన రోజున ప్రసన్నలక్ష్మి భీమడోలు దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో క్యారియర్లు విప్పుతుండగా పుస్తకం బ్యాగులోంచి జారిపడింది. సూపరింటెండెంటు ఈశ్వరప్రసాద్ తీసి, బొమ్మలు చూసి, "ఏవండీ దయామణి గారూ, రేపు పాలసీసా కూడా తెచ్చుకుంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. దయామణి ప్రసన్నలక్ష్మి వైపు చూసింది.

"ఈవిడ రైల్లో నా ప్రాణం తీసేస్తున్నారండీ. కొంగ కోసం ఏడుస్తారు కూడానండీ!" అంది ప్రసన్నలక్ష్మి, అందరికంటే గట్టిగా నవ్వుతూ.

దయామణి ఈశ్వరప్రసాద్ చేతిలోంచి పుస్తకం తీసుకుంది. దానికి అంటిన దుమ్ము కొంగుతో తుడుచుకుంది. విప్పిన క్యారియర్ మళ్లీ మూసేసింది.

సాయంత్రం రైల్లో ప్రసన్నలక్ష్మి ఆమె పక్కకే జరిగి కూర్చుంది. "ఏదో నవ్వులాటకన్నానండీ. చదవండి, పిల్ల ఇల్లు చేరిందాండీ?"

దయామణి పుస్తకం తెరిచింది. రైలు దెందులూరు దాటింది, భీమడోలు దాటింది. పెదవి కదపకుండా తనలో తానే చదువుకుంటూ కూర్చుంది.