చీటీలో చిన్నమ్మ

నాకు అసూయ ఎక్కువని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. చేవెళ్లలో లేడీస్ టైలర్‌గా ఏళ్ల తరబడి మిషన్ తొక్కుతున్నదాన్ని. ఎదురు షాపు ముందు నాకంటే రెండు జతల చెప్పులు ఎక్కువ కనిపిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. కానీ ఒక కాగితం ముక్కను చూసి కడుపు మండడం మాత్రం అదే మొదలు.

ఆ కాగితం మొయినాబాద్‌లో మా బిడ్డ చదివే బడిలో నా చేతికొచ్చింది. అప్పుడు బిడ్డది తొమ్మిదో తరగతి. పిల్లలు ఫోన్లలో క్షేమంగా ఉండాలంటే ఇంట్లో ఏం చెయ్యాలో చెప్తామని తల్లిదండ్రులను పిలిచారు. నేను ఎనిమిదిలోనే బడి ఎగ్గొట్టి మిషన్ ఎక్కినదాన్ని. బడి నుంచి పిలుపొస్తే ఇప్పటికీ నా పాత హోంవర్క్ అడుగుతారేమోనని గుబులు. అందుకే చివరి బెంచీలో కూర్చున్నాను. అలవాటైన చోటు కదా.

చెప్పడానికి వచ్చిన మేడం చిన్న వయసు మనిషి. ఎవరినీ తిట్టలేదు. ఫోన్ గుంజుకుంటే పిల్లలు ఇంకొకరి ఫోన్ వెతుక్కుంటారు, గుంజుకోకండి అన్నది. అకౌంట్ తెలిసినవాళ్లకే కనబడేలా పెట్టించమన్నది. ముఖం తెలియని మనిషి స్నేహమంటే ఒప్పుకోవద్దని పిల్లలకు చెప్పమన్నది. బడి పేరు కనబడే ఫోటోలు, యూనిఫాం ఫోటోలు మీరు కూడా బయట పెట్టకండి అన్నది. ఆ చివరి మాట చెప్తున్నప్పుడు నేను ముందు బెంచీలో ఒకామె జాకెట్ వీపు కుట్టు వంకరపోయిందని చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు మేడం ఒక కవరు తీసింది.

"నిన్న పిల్లలతోని ఒక చీటీ రాయించినం. ఫోన్‌ల ఎవరన్న భయపెడితే, ఫస్ట్ ఎవరికి చెప్తరు అని అడిగినం. ఈ చీటీలు మీకు చూపిస్తమని వాళ్లకు గూడ చెప్పినం. ఇంటికి పోయినంక దీని గురించి పిల్లల్ని తిట్టకుండ్రి."

నా పక్కన కూర్చున్నామె ఎంకపల్లిలో పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటి కోడలు. ఆమె చీటీలో 'అమ్మ' అని ఉన్నది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, బంగారు గొలుసు దాచినట్టు పర్సులో దాచుకున్నది. నేను నాది విప్పాను. ఒకే ఒక్క మాట. 'చిన్నమ్మ.'

వెనక్కి తిప్పి కూడా చూశాను. వెనకేం లేదు.

"ఏం రాసిందక్కా?" అన్నది పక్కామె.

"నా పేరే," అన్నాను. "రాతనే జర బాగలేదు."

చిన్నమ్మంటే నా తోడికోడలు, మా మరిది భార్య. వాళ్లు ఆ బడి వెనక సందులోనే కిరాయికి ఉంటారు. మా ఆయన ఎంకపల్లిలో ఒకరి పూలతోట చూసుకుంటాడు. పని అయ్యాక బండి మీద వచ్చి బిడ్డను చేవెళ్లకు తీసుకొస్తాడు. ఆయన వచ్చేదాకా, బడి వదిలాక ఒక గంట, మా బిడ్డ చిన్నమ్మ దగ్గర కూర్చుంటుంది. ఆ ఒక్క గంటే. మిగిలిన ఇరవై మూడు గంటలు నావే. అందులో బడి, నిద్ర, నా షాపు పోగా ఎంత మిగులుతుందో నేను ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

ఆమె డిగ్రీ చదివింది. గొంతు పెంచదు. జోకు వేయడం రాదు, ఇంకొకరు వేస్తే అందరూ నవ్వాక ఆలస్యంగా నవ్వుతుంది. ఇటువంటి మనిషి ముందు నేను ఓడిపోవడమేమిటి? నా జోకులు వినడానికే కుట్టించుకునే పని లేకపోయినా వచ్చి కూర్చునే ఆడవాళ్లు ఉన్నారు చేవెళ్లలో.

సరే, పోటీకి దిగాను. పక్క షాపులో జిరాక్స్ తీసే పిల్లతో మా బిడ్డ వాడే ఫోటోల యాప్‌లో నాకూ ఒక అకౌంట్ చేయించుకున్నాను. నా ముఖం ఎవరు చూస్తారని కుట్టుమిషన్ ఫోటో పెట్టాను. మొట్టమొదటి రిక్వెస్ట్ నా బిడ్డకే పంపాను. ఒక రోజు అయింది, మూడు రోజులయ్యాయి.

"నా రిక్వెస్ట్ వచ్చిందా?" అన్నాను అన్నం పెడుతూ.

"చూస్తలే అమ్మ."

"కుట్టుమిషన్ ఉంటది, గదే నేను."

"తెల్సులే అమ్మ."

కన్నందుకు క్యూలో నిలబడ్డాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, మోకిలలో ఎవరిదో గృహప్రవేశమని తోడికోడలు నాకు ఒక జాకెట్ గుడ్డ ఇచ్చి ఉన్నది. దాని గురించి నిజం రాయాలి. ఆమె కొలత ప్రకారమే కత్తిరించాను. కుట్టేటప్పుడు మాత్రం రెండు పక్కలా అర అంగుళం లోపలికి పట్టాను. కావాలనే పట్టాను. నా జన్మలో ఏ ఆడమనిషికీ అట్లా చేయలేదు.

జాకెట్ ఇచ్చే సాకుతో, బిడ్డ బడిలో ఉండే వేళ చూసుకుని బస్సెక్కి మొయినాబాద్ పోయాను. ఆమె లోపలికి పోయి తొడుక్కుని, ఊపిరి బిగబట్టుకుని బయటికొచ్చింది.

"అక్క, నేను లావైనట్టున్న."

"మొయినాబాద్ నీళ్లు మంచిగ పడుతున్నయి చెల్లె."

ఆమె నమ్మింది. అట్లా నమ్మడం చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది. చాయ్ పెట్టి ఇచ్చింది. నేను అసలు సంగతికొచ్చాను.

"మా పిల్ల నీకేమేం చెప్తది?"

ఆమె జాకెట్‌ను మడత పెడుతూ, "దాన్నే అడుగు అక్క," అన్నది.

"అంటే ఏదో ఉన్నది."

"ఉన్నా లేకున్నా దాన్నే అడుగు. ఇయ్యాల నీకు నేను చెప్పిననుకో, రేపటి సంది నాకు గూడ చెప్పుడు బంద్ చేస్తది. అప్పుడు ఎవ్వరికి చెప్పాలె అది?"

"నేను కన్నతల్లిని చెల్లె."

"అందుకే నిన్ను అడుగుమంటున్న." జాకెట్ పక్కన పెట్టి అన్నది, "ఒక్కటి మాత్రం చెప్త. షాపు నంబరుకు డీపీగ దాని ఫోటో పెట్టుకున్నవు గద. ప్రైజు పట్టుకొని బడి గేటు ముందల దిగింది. యూనిఫాం ఉన్నది, ఎనక బడి పేరు సాఫ్‌గ కనవడుతున్నది. నీ నంబరు ఎవరి దగ్గరుంటే వాళ్లందరు చూస్తరు. తీసెయ్యి అక్క."

చాయ్ సగంలో పెట్టి వచ్చేశాను. బస్సులో నాకు కూర్చునే సీటు దొరికింది, అయినా నిలబడే వచ్చాను. ముక్కూమొహం తెలియని మనిషి సంగతి ఆ మేడం చెప్తుంటే నేను ఎక్కడో ఉంటాడనుకున్నాను. నా బిడ్డ ఏ బడో, ఏ ఊరో, నా చేతులతో నేనే వాడికి రాసిచ్చి పెట్టాను.

సాయంత్రం బిడ్డ షాపుకొచ్చి, కటింగ్ టేబుల్ చివర పుస్తకాలు పరుచుకున్నది. నేను కుడుతూనే అడిగాను. తల ఎత్తితే తిట్టేస్తానని నా భయం.

"చిన్నమ్మకు చెప్పేది నాకెందుకు చెప్పవు?"

"నువ్వు అందరికి చెప్తవ్."

"నేనా? నేనేం చెప్పిన?"

"సిక్స్త్‌ల ఎగ్జామ్ భయానికి క్లాస్‌ల వాంతి చేసుకున్నా అని నీకు చెప్పిన. తెల్లారి షాపుల అందరికి చెప్పినవ్. యాక్టింగ్ చేసి మరి చెప్పినవ్. మా క్లాస్ అమ్మాయి వాళ్ల మమ్మీ జాకెట్ ఇయ్యనికి వచ్చి ఈడ్నే కూసున్నది. సోమారం నుంచి క్లాస్‌ల నేను బోర్డు దిక్కు పోతుంటే అందరు ముక్కులు మూసుకున్నరు. సంవత్సరమంత మూసుకున్నరు."

నాకు ఆ కథ బాగా గుర్తున్నది. నాలుగు రోజులు ఆడింది. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. మూడో రోజుకు టీచర్ చీర కూడా పాడైపోయింది నా కథలో.

"నిన్ను చూసి నవ్వలేదే వాళ్లు, నా యాక్టింగ్ చూసి నవ్విన్రు."

"క్లాస్‌ల నీ యాక్టింగ్ లేకుండె గదా."

మిషన్ ఆగింది. బిడ్డ టేబుల్ సొరుగు వైపు చూపించింది. అందులో నా కొలతల పుస్తకం ఉంటుంది. లేడీస్ టైలర్ దగ్గర కత్తెర కంటే జాగ్రత్తగా ఉండేది అదే. ఎవరి నడుము ఎంత, ఎవరి ఛాతీ ఎంత, పైకి చదవను. అక్కాచెల్లెళ్లు కలిసి వచ్చినా ఒకరి కొలత ఇంకొకరికి చెప్పను. ఒకాయన భార్యకు తెలియకుండా డ్రెస్ కొనాలని సైజు అడిగితే, ఆమెనే తోలుకరమ్మని పంపించాను. ఈ షాపులో నేను జోకు వేయని వస్తువు అదొక్కటే.

"గా బుక్కు ఎవరికన్న చూపిస్తవా?" అన్నది.

"చూపియ్య."

"ఎందుకు?"

"నమ్మి ఇచ్చిన్రు గద."

బిడ్డ పెన్సిలు డబ్బాలో పెట్టి మూత వేసింది. "మరి నేను చెప్పేది గూడ గా బుక్కుల రాస్కో."

సొరుగు లాగి ఆ పుస్తకాన్ని ఒకసారి చూసి, మళ్లీ మూశాను.

ఆ ఫోటో ఎట్లా తీసేయాలో నాకు తెలియదు. ఫోన్ దాని చేతికే ఇచ్చాను. తీసేసి, ఆ చోటులో నా కత్తెర ఫోటో పెట్టింది. అంతకుముందు దాని ఫోటోలు పెట్టేటప్పుడు ఒక్కసారైనా దాన్ని అడిగానా అని గుర్తుచేసుకున్నాను. అడగలేదు.

తర్వాత షాపులో నా బిడ్డ మాట ఎత్తడం మానుకున్నాను. అది లేకపోతే నా దగ్గర సగం జోకులు లేవని అప్పుడు తెలిసింది. "ఏందక్కా, పండ్లు పీకిచ్చుకున్నవా, సప్పుడు లేదు?" అని అడిగేవాళ్లు. తోడికోడలికి ఫోన్ చేసి జాకెట్ వెనక్కి పంపమన్నాను.

"నువ్వు లావు కాలేదు చెల్లె. నేనే లోపలికి పట్టిన."

"వారం సంది రాత్రి అన్నం తింటలేను అక్క," అన్నది. ఎందుకు పట్టావని అడగలేదు. అడిగి ఉంటే నాకు జర హాయిగా ఉండేది.

బిడ్డ నన్ను వెంటనే నమ్మలేదు. ఒకరోజు చిన్న రహస్యం ఒకటి నా చేతిలో పెట్టి చూసింది. ఎంత చిన్నదంటే, దాచాల్సిన పనే లేదు. పైగా నవ్వొచ్చేది. ఒకసారైతే షాపు నిండా మనుషులున్నప్పుడు అది నా నాలుక చివరకు వచ్చేసింది. వెనక్కి పోయి రెండు గ్లాసుల నీళ్లు తాగి వచ్చాను. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా చెప్పను.

మరి కొన్నాళ్లకు, ఒక సెలవు రోజు మధ్యాహ్నం, షాపులో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వెనక పరదా పక్కనుంచి బిడ్డ తల బయటపెట్టింది.

"అమ్మ, జర ఇటు రా."

ముఖంలో రక్తం లేదు. పరదా వెనక్కి పోగానే ఫోన్ నా చేతికిచ్చింది. నిలబడే చదివాను. మొదట నా నోటికొచ్చింది ఒక జోకు. భయమేస్తే నాకు అదే వస్తుంది. మింగాను. తర్వాత వచ్చింది, 'అసలు వాడితో ఎందుకు మాట్లాడినవ్?' అన్న మాట. అది మింగడం ఇంకా కష్టమైంది.

"చెప్పి మంచి పని చేసినవు బిడ్డ," అన్నాను. "తప్పు నీది కాదు."

అప్పుడు ఏడ్చింది. అది ఏడ్చి ముగించేదాకా పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఇద్దరం కూర్చుని, ఆ మేడం చెప్పినట్టే ఒక్కొక్కటి చేశాం. జవాబు ఇవ్వలేదు. ఆ రాతలన్నీ ఫోటో తీసి దాచాం. ఆ మనిషిని బ్లాక్ చేసి, యాప్ వాళ్లకు రిపోర్ట్ పెట్టింది. ఎక్కడ నొక్కాలో దానికి తెలుసు, పక్కన కూర్చోవడం నా పని. క్లాస్ టీచర్‌కు చెప్పాలంటే దాన్ని అడిగే చెప్పాను. మళ్లీ వస్తే పోలీసులకు కూడా చెప్దామని ఇద్దరం అనుకున్నాం.

"డాడీకి?" అన్నాను.

"నేనే చెప్త. నువ్వు పక్కకుండు."

బయటికొస్తే ఇద్దరు ఆడవాళ్లూ మెడలు చాచి ఉన్నారు. "ఏమైందక్కా?"

"ఏం లేదు, సూది విరిగింది," అన్నాను. ఇంతదాకా చదివినవాళ్లకు కూడా నా జవాబు అదే. ఆ ఫోన్‌లో ఏమున్నదో నేను రాయను. అది సొరుగులో ఉన్నది.

ఒక్క ప్రశ్న మాత్రం ఆపుకోలేకపోయాను.

"చిన్నమ్మకు చెప్పినవా?"

"ఇంకా చెప్పలే."

ఆ రెండు మాటలతో నాకు వారం రోజులకు సరిపడా కడుపు నిండింది. నా రిక్వెస్ట్ మాత్రం ఇప్పటికీ అక్కడే పడి ఉన్నది. అడగడం మానేశాను.

సోమవారం సాయంత్రం మొయినాబాద్ నుంచి ఫోన్ వచ్చింది.

"అక్క, పిల్ల ఇయ్యాల జర డల్‌గున్నది. ఏమన్న అయిందా?"

మిషన్ ఆపాను. ఈ ఒక్క మాట కోసం ఎన్ని రోజులు ఎదురుచూశానో. తొందరపడలేదు, దారం తెంపి, సూది కిందికి దించి పెట్టి అప్పుడన్నాను.

"దాన్నే అడుగు చెల్లె."

ఎప్పుడూ ఆలస్యంగా నవ్వే మనిషి ఈసారి వెంటనే నవ్వింది. "మంచిగైంది అక్క, శానా మంచిగైంది," అన్నది. ఆ గొంతులో ఎక్కడైనా కొంచెం మంట ఉన్నదేమోనని చెవి ఒత్తిపెట్టి విన్నాను. లేదు. నిజంగానే సంతోషపడుతున్నది.

అందుకే మళ్లీ కడుపు మండింది నాకు.