పెద్దమ్మ పెట్టిన ముప్పావు కేజీ

కోనసీమ వేరే జిల్లా అయిన మరుసటి ఏడాది నన్ను రాజోలు దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు పీడీగా వేశారు. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. పీఈటీగా చేరినవాళ్లకు జుట్టు నెరిసే వేళకు పదోన్నతి మీద దక్కే పోస్టు అది. జీతం కాస్త పెరుగుతుంది, ఈల మాత్రం పాతదే.

అక్కడ వెయిట్‌లిఫ్టింగ్‌కు నాకు దొరికిన పిల్ల ధనలక్ష్మి, తొమ్మిదో తరగతి. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. పిల్లకు భుజబలం ఉంది, అంతకు మించి తొందర ఉంది. ఎదిగే పిల్లల చేతికి మేము మొదటే బరువులివ్వం. కొన్ని నెలలు వెదురు కర్రతోనే కూర్చోవడం, లేవడం, వీపు వంగకుండా పైకెత్తడం. తర్వాత ఉత్త ఇనుప బారు. ఆ పైన చిన్న చిన్న బరువు పళ్లాలు. కర్రెత్తడానికి బడికి పంపాలాండీ అని తండ్రి నవ్వేవాడు. ఒకరోజు నవ్వకుండానే చెప్పేశాడు: ఈ ఏడు రాష్ట్ర పోటీలకు ఎంపికైతే సరే, లేకపోతే ఆట మానిపించేస్తానని.

జిల్లా ఎంపికలు కొత్తపేటలో పెట్టారు. శరీర బరువును బట్టి తరగతులు, ఒక్కో తరగతిలో మొదట వచ్చినవాళ్లే రాష్ట్రానికి వెళతారు. మా పిల్లకు తన తరగతిలో సాటి లేదు. ముందు రెండు రోజులూ ఆత్రేయపురంలో పెద్దమ్మ ఇంట్లో ఉంటానంటే, దగ్గరే కదా అని ఒప్పుకున్నాను. ఆ పెద్దమ్మ మంగతాయారు పూతరేకులు చుడుతుందన్న సంగతి నాకు తెలియదు.

పోటీ ఉదయం తూకంలో ధనలక్ష్మి తన తరగతి హద్దుకన్నా ముప్పావు కేజీ ఎక్కువ తూగింది. రెండు రోజులూ పెద్దమ్మ పూతరేకులు పెట్టిందట. వద్దనలేకపోయావా అంటే, “వద్దంటే ఇంకోటి వేసేస్తుందండి” అంది. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని, అది నిజమేనని నాకూ తెలుసు.

తూకానికి ఇంకా గంట గడువుంది. స్వెట్టరు తొడిగి పరిగెత్తించండి, నీళ్లు ఆపేయండి అని తోటి కోచ్‌లు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అలా తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లోని నీరు. తల మీద బారు ఉండగా పిల్లకు కళ్లు తిరిగితే ఏమిటి గతి? పేరు పై తరగతికి మార్చమని రాసిచ్చాను. అక్కడ ఆ వెసులుబాటు ఉంది. అయితే ఆ తరగతిలో మాకన్నా గట్టి పిల్ల ఒకతి ఉంది. ధనలక్ష్మి ఏడుపందుకుంది.

సరిగ్గా అప్పుడే మంగతాయారు స్టీలు క్యారేజీతో దిగింది. సంగతి విని గతుక్కుమంది. “ఆయ్, నేనేనండి పెట్టింది. పిల్ల చిక్కిపోతే చూస్తా ఊరుకోలేంగదండీ.” ఆవిణ్ని కోప్పడదామని నోరు తెరిచి, క్యారేజీ విప్పమన్నాను. తూకం అయ్యాక తినాల్సిందే. ధనలక్ష్మి ఇడ్లీ తిని, నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుంది.

పోటీ రెండు రకాలు: ఒక్క ఊపున తల మీదికి ఎత్తేది స్నాచ్, భుజాల దాకా తెచ్చి ఆగి ఎత్తేది క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు. స్నాచ్‌లో ఆ గట్టి పిల్లే ముందుంది. రెండోదాంట్లో ఆమె కాళ్లు వణికాయి, మూడుసార్లూ బారు కింద పడింది. ఆ పిల్ల అంతకన్నా పై తరగతి నుంచి చెమటోడ్చి బరువు దించుకుని వచ్చిందట. మా పిల్ల మాత్రం ఎన్నడూ ఎత్తని బరువెత్తి మొదట వచ్చింది.

నేను గంతు వేయలేదన్న మాటేగానీ, నా ఆనందం ఇంతా అంతా కాదు. ధనలక్ష్మి కోసం చూస్తే పెద్దమ్మతో కలిసి ఓడిన పిల్ల పక్కన కూర్చుని ఉంది. మంగతాయారు ఆ పిల్లకు క్యారేజీలోంచి పూతరేకు తీసి పెడుతోంది. వద్దంటోంది ఆ పిల్ల, ఇంకోటి పడుతోంది.

తండ్రికి ఫోన్ చేస్తే, “కర్ర పనికొచ్చిందన్నమాటండి” అన్నాడు. ఆట మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు.

ఎదిగే పిల్లల బరువు దించకూడదు, తరగతి మార్చాలి. ఇది పుస్తకాల్లో ఉన్నదే. లేనిది ఒకటి ఆ రోజు నేర్చుకున్నాను: కోనసీమలో శిక్షణ ప్రణాళిక పిల్లకన్నా ముందు పెద్దమ్మకు వివరించాలి.