గుమ్మపాల ఆవు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పట్నాల పక్క పాడి మందల్లో క్షయ ఉందేమో చూసి రమ్మని మా పశువైద్య కార్యాలయం నన్ను కడపకు పంపింది. ఉదయం ఆరింటికి చిన్న బండి ఎక్కాను. గుంతకల్లులో మద్రాసు వైపు వెళ్ళే పెద్ద బండికి మారాలి. ఆ దారిన వెళ్ళేవారు సద్ది కట్టుకోవడం మంచిది. నేను బద్ధకించి స్టేషను ఉప్మాతో సరిపెట్టుకున్నాను. కిటికీ బయట నల్లరేగడి, ఎండలో తేలుతున్నట్టున్న గుట్టలు. నిద్రో మెలకువో తెలియకుండానే తాడిపత్రి దాటింది. ఎర్రగుంట్లలో ఎక్కిన రైతు నా మందుల పెట్టె చూసి, "పశువుకు గూడా క్షయ వస్తాదా సారూ?" అని అడిగాడు. వస్తుందన్నాను. నన్ను జాలిగా చూసి గుప్పెడు వేరుశనక్కాయలు పెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు కడప చేరి సత్రంలో దిగాను. తెల్లవారగానే జట్కాలో ఊరి చివర ఓబులమ్మ కొట్టానికి వెళ్ళాను. మొగుడు పోయాక తొమ్మిది ఆవులతో పట్నంలో ఇళ్ళకు వాడుక పాలు పోసి బతుకుతున్న మనిషి. దిష్టి తగలకుండా కిటికీలన్నీ గోనెపట్టాలతో మూసేసింది. లోపల ఆవుల ఊపిరి మంచులా నిలిచిపోయింది. తొమ్మిదింటికీ ఒకటే కుడితి తొట్టి. నిరుడు సంతలో ఇంకో పట్నపు మంద నుంచి కొన్న కపిలావు పొడిగా దగ్గుతోంది. క్షయ కాపురం పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా ఆ మసక వెలుతురులో పాలధార చప్పుడు వింటుంటే వచ్చిన పని మరచి అలాగే కూర్చోవాలనిపించింది.

ఆ కపిలావు పాలే పితికి, వేడి తగ్గకముందే కూతురు రంగమ్మకు ఇచ్చింది ఓబులమ్మ. పదహారేళ్ళ పిల్ల, చిక్కి సగమైంది, దవడ కింద గడ్డలు. కాస్తే పాలలో సత్తువ పోతుందని, బలానికి గుమ్మపాలను మించింది లేదని ఏడాదిగా అవే తాపుతోందట. పశువు క్షయ పచ్చిపాలతో మనిషికీ వస్తుంది. పాలు కాచి ఇమ్మని, పిల్లను పెద్దాసుపత్రిలో చూపించమని చెప్పి, ఆవుల మెడ చర్మంలోకి పరీక్ష మందు ఎక్కించి వచ్చాను.

ఫలితానికి మూడు రోజులు ఆగాలి. పూటకూళ్ళ ఇంట భోజనం, సత్రం అరుగు మీద నిద్ర. కలలో కూడా ఆ దగ్గే వినిపించేది.

మూడో రోజు వెళ్ళేసరికి కపిలావు మెడ మీద మాత్రం నిమ్మకాయంత వాపు, అంటే క్షయ ఉన్నట్టే. సంత దళారి అప్పటికే వచ్చి ఉన్నాడు. వాపు తగ్గాక దూరపు సంతకు తోలేస్తే ఎవరికీ తెలియదంటున్నాడు. ఆపే అధికారం నాకు లేదు. ఓబులమ్మ నా వైపు తిరిగింది.

"నేనేనా సారూ, నా బిడ్డకు రోగం తాపించింది?"

అది గాలి వల్ల కూడా వస్తుందమ్మా, ఎలా వచ్చిందో చెప్పలేమన్నాను. ఆమె నమ్మలేదు. దళారితో, "నువ్వు పోప్పా. ఇంగో తల్లి చేత బిడ్డకు ఈ పాలు తాపియ్యను" అంది. కపిలావును దూరంగా వేపచెట్టుకు కట్టి వచ్చి, గోనెపట్టాలు పీకేసింది. కొట్టంలోకి ఎండ పడింది.

తల్లీకూతుళ్ళను నా జట్కాలోనే పెద్దాసుపత్రి దగ్గర దించి, మధ్యాహ్నం బండి అందుకున్నాను. ఎదుటి బెంచీ మీద ఒక తల్లి చెంబులోని పాలు పాపకు పడుతోంది. అడగకూడదనుకుంటూనే, కాచినవేనా అని అడిగాను.

"కాసినవేలేప్పా, నీకెందుకు?" అంది.

పాప గుటకలు వేస్తోంది. గుత్తి దాటేదాకా నా కళ్ళు ఆరలేదు.