పొగగొట్టం వంపు కాడ

అప్పట్లో ఒకసారి, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు పొద్దున్నే దావలో బోదగడ్డి కప్పిన ఒక కొట్టం హోటలు ముందర నిలబడింది. హోటలాయన పొయ్యిలోకి పత్తికట్టె తోసి అగ్గిపుల్ల తీస్తాండాడు. నా పక్క సీట్లోని పెద్దామె, గోడమీద పొగగొట్టం కింద కారిన నల్లటి చారలు చూసి గబగబా దిగింది.

"అంటియ్యద్దప్పా. లోపల మసి గట్టిపడింది."

"నిన్ననే దులిపినా గదక్కా."

ఆమె గులకరాయి తీసుకొని, సంతలో కుండను తట్టి చూసినట్టు, గొట్టాన్ని తట్టుకుంటా పోయింది. ఠంగుమంటున్న రేకు వంపు కాడ దబ్బుమనింది. మేమంతా టీ మాట మరిచి మూగినాము.

"చూడు, ఈడుంది. చీపురుకు మెత్తటి మసే వస్తాది. ఇది అంటుకుంటే కొట్టం మిగల్దు."

ఆమె వంపు ఊడదీసి కొడవలితో గీకితే, పాకం గడ్డకట్టినట్టు నల్లగా మెరిసే పెళ్లలు రాలినాయి. కండక్టరు గూడా వంగి చూసినాడు.

డ్రైవరు హారన్ కొట్టినాడు.

"ఇంకా పైన ఉంది. మీరు పోండి," అనిందామె. నేను కిటికీలోంచి ఆమె మూట అందిస్తా, ఎట్ల తెలిసిందని అడిగినాను.

మసి చేతులు తగలకుండా మూటను మోచేతుల మధ్య పట్టుకొని, "మా కొట్టం ఇట్లనే పోయిందప్పా," అనింది.

ఇప్పటికీ కొత్త హోటల్లో, టీ చెప్పకముందే నా కండ్లు గులకరాయి కోసం వెతుకుతాయి.