తాళ్ళ దుకాణంలో నాలుగ్గంటల పేపరు

ఇప్పటికీ పొద్దున్నే గుమ్మం ముందు పేపరు పడిన చప్పుడు వినగానే లేచి వెళ్ళి, మడత విప్పకముందే దాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. అత్తమ్మ వార్తలను వాసన చూసి తెలుసుకుంటుందని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. కిరసనాయిలూ తడి కాగితమూ కలిసినట్టుండే ఆ వాసన తగిలిందంటే నేను డెబ్బై దాటిన మనిషిని కాను; జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన, మా బాపు తాళ్ళ దుకాణంలో, గోనె కట్ట మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న పదేళ్ళ నీలవ్వను.

మా బాపు పేరు శరణప్ప. పలుపులు, మోకులు, గోనెసంచులు, ఎద్దుల మెడలకు కట్టే గంటలు అమ్మేవాడు. చలికాలం వచ్చిందంటే మా దుకాణం ముందు మట్టి వదలని అల్లం బస్తాల బండ్లు ఆగేవి, చెరుకు తోటల వైపు నుంచి బెల్లం వండే వాసన వచ్చేది, కొత్త నార వాసనా లారీలు లేపిన దుమ్మూ వాటితో కలిసిపోయేవి. నాలుగు గంటలకు హైదరాబాద్ బస్సు ఆగేది. దాని మీద నుంచి దిగే పేపర్ల కట్టలో ఒకటి మాది. రేడియో అప్పటికి ఊళ్ళో రెండు మూడు పెద్ద ఇళ్ళలోనే ఉండేది, ఆ గోడల లోపలే మాట్లాడేది. ఆ ఇళ్ళలో రేడియో పెట్టె ముందు మాలాంటివాళ్ళను కూర్చోనిస్తారా? అందుకే బజారుకు వచ్చిన రైతులూ బండ్లవాళ్ళూ, దూరాన రాయికోడ్ దాకా పోవలసినవాళ్ళు కూడా, మా దుకాణం ముందు తలపాగాలు విప్పి పరుచుకుని పేపరు విన్న తరువాతే ఎద్దులను బండ్లకు కట్టుకునేవాళ్ళు.

అది ఉర్దూ పేపరు. నిజాం కాలంలో బడికి పోయినవాడు కనుక బాపుకు వచ్చిన చదువు అదే. ఇంట్లో అవ్వతో, అంటే మా అమ్మతో, కన్నడం, గల్లా ముందు తెలుగు, కాగితం మీద ఉర్దూ. చదివే ముందు నోరు పుక్కిలించి, టోపీ సర్దుకుని, ఎవరి చేతిలోనైనా బీడీ ఉంటే ఆర్పేదాకా ఆగేవాడు. ఆ తరువాత కళ్ళు ఉర్దూ వెంట కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతుంటే నోరు మాత్రం మా బజారు తెలుగులో చెప్పుకుపోయేది. మధ్యలో ఎవరైనా ఆపి అడగవచ్చు. ఢిల్లీ ఎంత దూరం, ఆ మంత్రికి పొలం ఉందా, కట్ట కడితే నీళ్ళు మన దిక్కు వస్తాయా రావా అని వాళ్ళు అడిగేవాళ్ళు, తెలిసినది చెప్పి, తెలియనిది పేపర్లో రాయలేదని బాపు ఒప్పుకునేవాడు. చలికాలపు అమావాస్యకు వచ్చే ఎల్లమాస పండుగనాడు ఊరంతా పొలాల్లోకి తరలి, సజ్జరొట్టెలూ పచ్చికాయలన్నీ వేసి వండిన భజ్జీకూరా అంబలీ పంచుకుని తినేటప్పుడు కూడా ఆయన చంకలో పేపరు ఉండేది. కూర మరకలు పడిన ఆ పేపరును నిన్నటిదైనా సరే, ఆయనను గట్టు మీద నిలబెట్టి చదివించుకునేవాళ్ళు. ఆ గొప్పను నేను ఎవరికీ తక్కువ చేసి చెప్పలేను. మా బాపు నోరు తెరిస్తేనే మా ఊళ్ళోకి లోకం వచ్చేది.

నా పసితనంలోనే మా ఊరు బీదరు జిల్లా నుంచి విడిపోయి తెలుగు రాష్ట్రంలో కలిసింది. నేను తెలుగు బడిలో చేరాను. ఇక భూముల కబురైనా బడుల కబురైనా తెలుగు పేపర్లోనే సరిగ్గా వస్తుందని కుర్రవాళ్ళు అనడం మొదలుపెట్టారు. బాపుకు పౌరుషం వచ్చింది. ఉర్దూ పేపరు మాన్పించి తెలుగుది తెప్పించాడు. ఆ లిపి తనకు రాదని ఎవరికీ చెప్పలేదు. అన్నీ తెలిసిన మనిషికి ఇదీ తెలిసే ఉంటుందని నేనూ అనుకున్నాను.

ఒకరోజు బడి నుంచి వచ్చి బెల్లం ముక్క నములుతూ ఆయన వెనక కూర్చున్నాను. బాపు తెలుగు పేపరు విప్పి చదువుతున్నాడు. ఆయన వేలు ప్రతి వరుస మీదా కుడి నుంచి ఎడమకు నడుస్తోంది. పైగా నోటితో చెప్పే కబురుకూ కాగితం మీది అక్షరాలకూ సంబంధమే లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళలో ఎవరికీ చదువు రాదు కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. ఇంటికి పోయాక నేనూ నోరు విప్పలేదు. బాపు నవ్వులపాలైతే చూడటం నావల్ల కాదు.

అది చైనాతో యుద్ధం వచ్చిన ఏడు. చిరాగ్‌పల్లి మల్లయ్య కాక కొడుకు ఫౌజులో ఉన్నాడు, ఉత్తరం రాక చాలా రోజులైంది. ఒక సాయంత్రం కాక నడిచి వచ్చి, దుకాణం మెట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుని, లడాయి గురించి ఏం రాశారో ఒక్క మాట విడవకుండా చదవమని అడిగాడు. బాపు పేపరు విప్పాడు. వేలు కుడి వైపు చివరన పెట్టి అక్కడే ఆగిపోయాడు. ఎదురుగా ఇరవై మంది. కాసేపటికి ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఈ అచ్చరాలు నాకు రావు కాకా. పది దినాలసంది బస్సు కండక్టర్ నోట్లకెళ్ళి ఇన్నదే మీకు చెప్పిన. తప్పయింది. నా బిడ్డ చదువుతది, ఇనుండ్రి."

మల్లయ్య కాక నా వైపు తిరిగాడు. "చదువు బిడ్డా. ఒక్కటి సుత ఇడ్సిపెట్టకు."

లేచి నిలబడి చదివాను. నిలబడి చదివానే గాని, శత్రుసేనలు, పురోగమించుట, వ్యూహాత్మకముగా అంటూ నేను చదివిన తెలుగు అక్కడ ఒక్కరికీ అర్థం కాలేదు, నాకైతే అసలే కాలేదు. బాపే ఏళ్ళ తరబడి వార్తలు చదివిన అనుభవంతో ఒక్కొక్క మాటనూ కూడదీసుకుని, ఇది ఫౌజు గురించి, ఇది వెనక్కు రావడం గురించి అని విప్పి చెప్పాడు. అక్షరం నాది, అర్థం ఆయనది. చివర కాక తన కొడుకు సంగతి అడిగితే, పేపర్లో సిపాయిల పేర్లు రాయలేదని, బాగున్నాడని తాను చెప్పలేనని బాపు నిజమే చెప్పాడు. కాక రేపు మళ్ళీ వస్తానని లేచాడు.

మరునాడు నాలుగింటికి మనుషులు వస్తారా రారా అని నేను బడిలో లెక్కలన్నీ తప్పు చేశాను. వచ్చి చూస్తే మెట్టు మీద చోటు లేదు. మల్లయ్య కాక అందరికంటే ముందు కూర్చున్నాడు. కొడుకు క్షేమమని కార్డు వచ్చేదాకా రోజూ వచ్చాడు, వచ్చిన రోజున ఆ కార్డును కూడా నా చేతనే అందరి ముందూ చదివించుకున్నాడు. ఆడపిల్ల బజారులో గొంతెత్తి చదవడం ఏమిటని అవ్వ సణిగింది. బాపు వినిపించుకోలేదు. ట్రాన్సిస్టర్లు ఎద్దుల బండ్ల మీద కూడా పాడే కాలం వచ్చేదాకా, నేను మెట్రిక్ దాటేదాకా, రోజూ నాలుగింటికి మేమిద్దరం కలిసి పేపరు చదివాం. లంగా వోణీ వేసుకునే వయసులో బజారులో అంతమంది మగవాళ్ళు నోరు మూసుకుని నా మాట విన్నారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా మెడ నిటారుగా నిలుస్తుంది.

ఒక్క సంగతి మాత్రం చాలా ఏళ్ళు అర్థం కాలేదు. మూడు భాషల మనిషికి తెలుగు అక్షరాలు నేర్చుకోవడం నెల రోజుల పని. నేర్పుతానని ఎన్నిసార్లు పలక తెచ్చినా రేపు చూద్దామనేవాడు. దుకాణం మూసేసిన తరువాత, ఆయన ముసలితనంలో, ఎందుకు నేర్చుకోలేదని అడిగాను.

"నేను నేర్సుకుంటె నువ్వు మల్ల ఇంట్లకు పోతుంటివి బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు జహీరాబాద్‌లో వార్త లేని చెయ్యి లేదు. మొన్న మా మనవడు ఫోనులో ఏదో చదివి, నిజమేనా నానమ్మా అని అడిగాడు. చెప్పింది ఎవరని అడిగాను. వాడికి తెలియదు. అది తప్పయితే, మా బాపులా తప్పయిందని చెప్పడానికి ఆ మనిషి వాడి ఎదురుగా కూర్చుని లేడు.